చలిదేశంలో గడ్డ పెరుగు

టొరంటో చలికాలంలో రాత్రి పాలు తోడుపెట్టి పడుకుంటే, తెల్లారేసరికి పాలు పాలలాగే వెక్కిరిస్తాయి. హీటరు పుణ్యమా అని ఇంట్లో 20 డిగ్రీలు ఉన్నా అది మనకే తప్ప పెరుగుకు చాలదు. దానికి 40 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి.

పాలు కాచి, వేలు పెడితే హాయిగా ఓర్చుకోగలిగే వేడికి చల్లార్చండి. తోడుకు కొట్లో పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద సజీవ బాక్టీరియా ఉన్నట్టు రాసి ఉందో లేదో చూడండి. తీపి, పళ్ల రుచులు కలిపినవి వద్దు. అర లీటరుకు ఒక చెంచా చాలు. గిన్నెకు మూత పెట్టి, పాత తువాలు చుట్టి ఓవెన్‌లో పెట్టండి. ఓవెన్ వెలిగించకూడదు, లోపలి దీపం మాత్రం వేసి ఉంచాలి. పాతకాలపు బల్బు అయితే ఆ వెచ్చదనమే సరిపోతుంది. ఎల్‌ఈడీ అయితే పక్కన ఒక గిన్నెడు మరిగిన నీళ్లు పెట్టండి. ఏడెనిమిది గంటల్లో గరిటెకు కోతపడేలా తోడుకుంటుంది.

ఓవెన్ తలుపు మీద ‘లోపల పెరుగుంది’ అని చీటీ అంటించడం మరవకండి. మా ఇంట్లో ఒకరు చూసుకోకుండా పిజ్జా కోసం ఓవెన్ వేడిచేశారు. పెరుగు విరిగింది సరే, తువాలు కూడా కమిలింది!

పైన మీగడ కట్టడం లేదని బెంగపడకండి, అది మీ తప్పు కాదు. ఇక్కడి పాలలో వెన్నను ముందే సన్నగా చిదిమి కలిపేస్తారు. అలా చేయని పాలు కొన్ని దుకాణాల్లో దొరుకుతాయి. ధర కాస్త ఎక్కువే, కానీ ఆవకాయ అన్నం తిన్న రోజున ఆ మీగడ పెరుగు ముందు ధర గుర్తుకు రాదు.