పిల్లాపాపలతో శ్రీకాకుళం చుట్టూ: మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్కరోజు ప్రయాణాలు

మార్చి మొదలు ఉగాది దాటిన ఒకటి రెండు వారాల వరకు ఉండే కాలం, శ్రీకాకుళం నుంచి ఇంటిల్లిపాదీ ఉదయం వెళ్లి అదే రోజు తిరిగి రావడానికి చక్కగా సరిపోతుంది. మంచు తగ్గి ఉంటుంది, వడగాడ్పులు ఇంకా మొదలై ఉండవు. అయితే పది గంటలు దాటాక ఎండను తక్కువ అంచనా వేయరాదు. అందువల్ల చీకటి ఉండగానే బయలుదేరి, పదకొండు గంటలకల్లా నీడ పట్టుకునేలా ప్రయాణాన్ని అమర్చుకోవాలి. ఒక రోజుకు ఒక దిక్కు మాత్రమే పెట్టుకోవాలి. అరసవల్లి, శ్రీముఖలింగం, తేలినీలాపురం ఒకే రోజున చుట్టి రావాలనుకునే కుటుంబాలను నేను చాలా చూశాను. ఆ పిల్లలకు చివరికి గుర్తుండేది కారు కిటికీ మాత్రమే.

ఏది ముందుగా మన కళ్లముందు నుంచి వెళ్లిపోతుందో దానినే ముందుగా చూడాలన్నది నా పద్ధతి. ఆ లెక్కన మొదటి ప్రయాణం టెక్కలి మండలంలోని తేలినీలాపురానికి. సెప్టెంబరు నుంచి వచ్చి చేరే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్లమీదే గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకుని, ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోతాయి. కనుక మార్చి మొదటి వారాన్ని వదులుకోకూడదు. జాతీయ రహదారి మీద టెక్కలి దాకా వెళ్లి అక్కడి నుంచి లోపలికి మళ్లాలి. ఆరు గంటలకు ముందే శ్రీకాకుళం విడిచిపెడితే పక్షులు మేతకు వెళ్లివచ్చే సందడి కనిపిస్తుంది. ఒకసారి మా అబ్బాయి బైనాక్యులర్స్ పట్టుకుని చాలాసేపు కదలకుండా నిలబడిపోయాడు. ఏమిటా అని నేనూ చూస్తే, గూడబాతు పిల్ల ఒకటి తల్లి ముక్కు కింది సంచిలోకి మెడ దాకా తల దూర్చి చేపను అందుకుంటోంది. తల్లి రెక్కలు సగం విప్పి, తూలిపోకుండా కొమ్మను గట్టిగా పట్టుకుని నిలబడింది. ఇటువంటి దృశ్యం కావాలంటే ఓపికగా ఒకే చెట్టు దగ్గర అరగంట ఆగాలి. చెట్ల కింద నిలబడేటప్పుడు తలకు టోపీగానీ గొడుగుగానీ తప్పనిసరి, ఎందుకంటే పైనుంచి రెట్టలు పడుతూనే ఉంటాయి. కేకలు వేయడం, రాళ్లు విసరడం తప్పని పిల్లలకు బయలుదేరే ముందే చెప్పి ఉంచాలి. ఆ పక్షులు రావడాన్ని ఊరివారు తమకు శుభంగా భావిస్తారు, ఆ మర్యాద మనమూ పాటించాలి.

తిరుగు దారిలో నౌపడా ఉప్పుమడుల దగ్గర కాసేపు ఆగితే, కూరలో వేసే ఉప్పు ఎక్కడి నుంచి వస్తుందో పిల్లలకు కళ్లారా చూపించవచ్చు. ఈ కాలంలో ఆ వైపు జీడిమామిడి పండ్లు కూడా దొరుకుతాయి. పండు తినవచ్చు గానీ రసం మరక బట్టలకు పడితే వదలదు. పండు కింద వేలాడే పచ్చి గింజను మాత్రం పిల్లల నోటిదాకా పోనివ్వకూడదు. దాని పెంకులోని జీడి నోటిని, పెదవులను పుండు చేస్తుంది.

రెండో ప్రయాణం పట్టణానికి ఆనుకుని ఉన్న అరసవల్లితో మొదలవుతుంది. మార్చి రెండో వారంలో కొన్ని రోజులు, మళ్లీ అక్టోబరు మొదట్లో, ఉదయించే సూర్యుని కిరణాలు నేరుగా సూర్యనారాయణస్వామి మూలవిరాట్టును తాకుతాయి. ఆ కొద్ది నిమిషాల కోసం జనం చాలా ముందుగా వచ్చి వరుసలో నిలబడతారు, మబ్బు పడితే కిరణాలు కనిపించవు. చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఉన్నవారు ఆ రోజులు వదిలి మరో ఉదయం వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

అక్కడి నుంచి గార మండలం వైపు సాగితే శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ ఆ మండలంలోనే ఉన్నాయి. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉండడం, రెండు ధ్వజస్తంభాలు ఉండడం పెద్దలు ఆసక్తిగా గమనించే విషయాలు. పిల్లలకు మాత్రం ఆలయంలో పెంచే నక్షత్ర తాబేళ్లే లోకం. వాటి డిప్ప మీద పసుపు గీతలు చుక్క నుంచి చిమ్మినట్లు నలుమూలలకూ పోతాయి, ఆ గీతలు లెక్కపెట్టమంటే అల్లరి పిల్లలైనా కూర్చుంటారు. ముట్టుకోవడం, చేతిలోకి తీసుకోవడం కూడదు. ఫాల్గుణ పౌర్ణమి వేళ జరిగే డోలోత్సవానికి జనం విపరీతంగా ఉంటారు కనుక తీరిగ్గా చూడదలచినవారు మరో రోజు ఎంచుకోవాలి.

వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం కొండను ఎండ ఎక్కకముందే ఎక్కి దిగాలి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1919లో వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రమిది. ఇటుక స్తూపాలు, చైత్యాల నడుమ నిలబడితే కింద నది వంపు తిరిగి సముద్రం వైపు పోవడం కనిపిస్తుంది. ఆ నది కడలిలో కలిసే మొగ కళింగపట్నం దగ్గర ఉంది. అక్కడ ఇసుకలో ఆడుకోవచ్చు, దీపస్తంభం చూడవచ్చు, కానీ నీళ్లలోకి పిల్లలను దించవద్దు. నదీ ప్రవాహం, అలల లాగుడు కలిసే చోట మోకాలి లోతు కూడా నమ్మదగింది కాదు. శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ ఒకే పూటలో బరువనిపిస్తే శాలిహుండాన్ని మరో ఆదివారానికి ఉంచుకోవాలి.

ఈ నెలల్లోనే మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు పొదగబడి పిల్లలు బయటికి వస్తాయి. సంరక్షణ కేంద్రాలవారు వాటిని సముద్రంలోకి వదిలే సమయాన్ని అటవీ శాఖవారిని అడిగి తెలుసుకుని వెళ్లాలి. సెల్‌ఫోన్ లైటు వేయకూడదు, ఆ పిల్లలు వెలుగు వైపు తిరిగి దారి తప్పుతాయి.

చివరిగా ఎండలు ముదిరినా చేయగలిగిన ప్రయాణం పొందూరు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ప్యాసింజరు రైలెక్కితే దూసి తరువాత వచ్చేది పొందూరే. రైలెక్కని పిల్లలకు ఆ కాస్త దూరమే పండుగ. అక్కడ సన్న ఖద్దరు తయారీని ఇంటి నీడలోనే కూర్చుని చూడవచ్చు. వాలుగ చేప దవడ ఎముకను చేతబట్టి ఒక అమ్మ పత్తిని దువ్వుతుంటే, ఆ చిన్న చిన్న పళ్ల సందుల్లో నలుసులు ఆగిపోయి, పత్తి పొగలా తేలికగా విడిపోతుంది. మా పాప ఆ ఎముకను వేలితో తాకి, తన పళ్లు తడిమి చూసుకుంది. పనివారి పూట పాడుచేయకుండా ముందుగా అడిగి, ఉదయం వేళే వెళ్లాలి. నచ్చితే ఒక తుండుగుడ్డ అయినా కొనాలి. తిరుగు రైలు వేళను దిగగానే స్టేషనులో కనుక్కుని, పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు ఇంటి నుంచే తీసుకువెళ్లాలి.