పద్దెనిమిది నిండిన పిల్లలకు సెకండ్ హ్యాండ్ కారు: ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి

బీటెక్‌లో చేరిన అబ్బాయికో అమ్మాయికో కారు కొందామనుకున్న ఇంట్లో చర్చ మైలేజీతో మొదలై రంగు దగ్గర ఆగుతుంది. ఈ వయసు డ్రైవర్‌కి ఆ రెండూ చివర్లో చూడాల్సినవి. కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లు మొదటి ఏడాదిలో దేనికో ఒకదానికి తగిలిస్తారు. అది గేటు స్తంభమైతే డెంటింగ్ ఖర్చుతో పోతుంది. హైవే మీద ఆగి ఉన్న లారీ అయితే కారు ఎంతవరకు కాపాడుతుందన్నదే లెక్క. అందుకే ముందు తయారీ నెల, తర్వాత బాడీ, ఆ తర్వాతే ఇంజిన్ చూడండి. ఇంజిన్ పాడైతే ఏ ఆటోనగర్‌లోనైనా విప్పి కడతారు. నలిగినదాన్ని లాగి పుట్టీ పెట్టిన పిల్లర్‌కి (తలుపుల పక్కన పైకప్పును మోసే నిలువు భాగం) ఫ్యాక్టరీ బలం మళ్లీ రాదు.

ఆర్సీలో తయారీ నెల

"2019 మోడలండీ" అంటే అమ్మేవాళ్ల లెక్కలో చాలాసార్లు రిజిస్ట్రేషన్ సంవత్సరం. మీరు చూడాల్సింది ఆర్సీ మీద ఉండే తయారీ నెల. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. అదే ఏడాది జూలై 1 నుంచి తయారైన కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, రివర్స్ సెన్సర్లు, సీటు బెల్టు రిమైండర్, 80 దాటితే మోగే స్పీడ్ అలర్ట్ కూడా వచ్చి చేరాయి. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ బేస్ మోడళ్లతో సహా అన్నిటికీ వచ్చింది 2022 నుంచి. కాబట్టి 2019 మేలో తయారై దసరాకి రోడ్డెక్కిన బేస్ వేరియంట్‌లో ఒక్క ఎయిర్‌బ్యాగ్ కూడా లేకపోవచ్చు. 2017 నాటి టాప్ వేరియంట్‌లో రెండూ ఉండొచ్చు. ఏబీఎస్, రెండు ఎయిర్‌బ్యాగులు లేని కారు ఎంత చవకగా వచ్చినా పిల్లల చేతికి ఇవ్వొద్దు.

కార్లను గుద్దించి చూసి ఐదుకి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షల్లో పెద్దల రక్షణకు 2020లో టాటా ఆల్ట్రోజ్‌కి 5 స్టార్లు, టియాగోకి 4 వచ్చాయి. నెక్సాన్‌కి 2018 డిసెంబరులోనే 5 వచ్చాయి. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలో, ఎటియోస్ కూడా అంతకుముందే 4 తెచ్చుకున్నాయి. 2018లో స్విఫ్ట్‌కి, 2019లో వ్యాగన్ ఆర్‌కి వచ్చినవి 2. ఎస్-ప్రెస్సోకి 2020లో సున్నా. 2022 జూలైలో పరీక్ష కఠినతరమైంది కనుక పాత స్టార్లను కొత్త స్టార్లతో పోల్చకూడదు. స్విఫ్ట్‌కి రీసేల్ బాగుంటుందన్న మాట నిజమే, కానీ మొదటి కారుకి అది రెండో మాట. మొత్తంగా 1.2 లీటర్ల మామూలు పెట్రోల్ ఇంజిన్ హ్యాచ్‌బ్యాక్ ఈ వయసుకి సరిపోతుంది.

వద్దనుకోవాల్సినవీ ఉన్నాయి. ఎత్తుగా ఉండే పాత ఎస్‌యూవీ సేఫ్ అనిపిస్తుంది గానీ, బరువంతా పైన ఉండటం వల్ల ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పితే పల్టీ కొట్టే ప్రమాదం ఎక్కువ. ఆరు లక్షలకే దొరికే పాత జర్మన్ లగ్జరీ కారుకి రిపేరు మాత్రం కొత్త కారు రేట్లలోనే ఉంటుంది. పోలో తీసుకుంటే డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ది కాకుండా మాన్యువల్ చూడండి. కాలేజీ మూడు కిలోమీటర్ల దూరమైతే బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ దండగ. చిన్న ట్రిప్పుల్లో సైలెన్సర్ వేడెక్కక, పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ పూడుకుపోతుంది. సైలెన్సర్ మార్చినదో, స్ప్రింగులు కోసి కిందికి దించినదో అయితే ఆ కారు అప్పటికే ఓ కుర్రాడి చేతిలో నలిగిందని అర్థం.

బాడీ చూడటం

ఎండ ఉన్నప్పుడు, కడగని కారు చూడాలి. వాన నీళ్లు, సాయంత్రపు లైట్లు పెయింట్ లోపాలన్నీ దాచేస్తాయి.

బోనెట్ ఎత్తి, దాన్ని పట్టి ఉంచే హింజ్ బోల్టులు, రెండు పక్కలా ఫెండర్ (ముందు చక్రాల మీది బయటి రేకు) బోల్టులు చూడండి. ఫ్యాక్టరీ బోల్టు తల మీద పెయింట్ అంచుల దాకా అలాగే ఉంటుంది. స్పానర్ పడిందంటే మూలలు చెక్కుకుపోయి లోహం మెరుస్తుంది. ఫెండర్ ఒక్కటే విప్పారంటే చిన్న దెబ్బే కావచ్చు, అంతమాత్రానికే కారు వదిలేయనక్కర్లేదు. అసలు సంగతి అప్రాన్ దగ్గర తెలుస్తుంది. ముందు చక్రాల పైన, సస్పెన్షన్ కూర్చునే రేకు అది. దాని అతుకుల వెంట స్పాట్ వెల్డ్ గుంటలు గుండ్రంగా, వరసగా కనిపిస్తాయి. అవి మాయమై నున్నటి పుట్టీ గానీ, చేత్తో పూసిన సీలెంట్ గానీ ఉంటే అక్కడితో బేరం ఆపేయండి.

తలుపు తీసి పిల్లర్ మీది రబ్బరు బీడింగ్‌ని ఒక జానెడు మేర లాగండి, మళ్లీ నొక్కితే కూర్చుంటుంది. దాని కింద కూడా అవే గుంటలు ఒకే దూరంలో ఉండాలి. డిక్కీ కార్పెట్ ఎత్తి స్టెప్నీ తీసి నేల రేకు చూడండి. వెనక నుంచి గుద్దించుకున్న కారుకి అక్కడ ముడత ఉంటుంది. అద్దాల మూలల్లో తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది. అన్నీ ఒకే ఏడాదివై ఒక్కటే వేరుగా ఉంటే ఎందుకు మార్చారో అడగండి.

ఎయిర్‌బ్యాగులు ఉన్నట్టు రాసి ఉంటే చాలదు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మీటర్‌లోని ఎయిర్‌బ్యాగ్ దీపం చూడండి. అది వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా చెడ్డది: పేలిపోయిన బ్యాగుల్ని మార్చకుండా బల్బు పీకేసి ఉండొచ్చు. వెలిగినా పక్క దీపంతో పాటే ఆరితే, దాని వైరును ఆ దీపానికి కలిపి ఉండొచ్చు. స్టీరింగ్ మధ్య మూత, డ్యాష్‌బోర్డు పైభాగం రంగులో తేడా ఉందేమో కూడా చూసుకోండి.

మునిగిన కారు ఇంకో బెడద. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వందల కార్లు నీళ్లలో ఉన్నాయి. వాటిలో బాగుచేసి అమ్మినవీ ఉంటాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉన్న భాగాన్ని ఎవరూ ఉతకరు కనుక బురద గీత అక్కడ మిగులుతుంది. సీటు కింది పట్టాల తుప్పు, ఫ్యూజు పెట్టె మూలల్లో ఒండ్రు, ఏసీ వేయగానే వచ్చే ముక్కవాసన కూడా అదే చెబుతాయి. వైరింగ్‌లోకి నీళ్లు పోయిన కారు ఆరు నెలల తర్వాత గానీ అసలు రంగు బయటపెట్టదు. ఎంత తగ్గించినా వద్దు.

ఇక చాలామంది చూడనిది ఇన్సూరెన్స్ పాలసీ కాగితం మీది నో క్లెయిమ్ బోనస్ శాతం, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. క్లెయిమ్ లేకుండా ఏడాదికో మెట్టు చొప్పున 20, 25, 35, 45, 50 అవుతుంది. ఆరేళ్ల కారు, మొదటి ఓనరే, "గీత కూడా పడలేదండీ" అంటూంటే అక్కడ 50 ఉండాలి. సున్నా ఉందంటే గత ఏడాది క్లెయిమ్ చేసినట్టు, లేదా పాలసీని 90 రోజులకు మించి వదిలేసినట్టు. ఏదైనా సరే సమాధానం రాబట్టండి.

ఇంజిన్, ట్రయల్

వస్తున్నామని చెప్పేటప్పుడే ఇంజిన్ స్టార్ట్ చేయొద్దనండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజిన్ చేసే చప్పుడు మీకు వినపడకూడదనుకున్నారేమో. స్టార్ట్ చేశాక సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. ఆయిల్ మూత లోపల పాలమీగడలాంటిది పేరుకుంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో మెకానిక్‌కి చూపించాలి. క్లచ్‌కి ఒక పరీక్ష: చదునైన చోట హ్యాండ్ బ్రేక్ లాగి, మూడో గేరు వేసి, కొద్దిగా ఎక్సలేటర్ ఇస్తూ క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు, ఆగకుండా రొద పెడితే అరిగిపోయినట్టు. ఒక్కసారి చేస్తే చాలు.

ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 40 వేగంలో బ్రేకు గట్టిగా తొక్కండి. పెడల్ కింద టకటకమని అదిరి, కారు పక్కకు లాగకుండా ఆగితే ఏబీఎస్ పనిచేస్తోంది. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే) గేరు కారైతే ఫ్లైఓవర్ ఎత్తులో ఆపి కదిలించి చూడండి, అది వెనక్కి జారే తీరు కొత్త డ్రైవర్‌ని కంగారు పెడుతుంది. మీటర్ వెనక్కి తిప్పారేమో అనుమానమైతే ఓనర్‌తో కలిసి కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, తేదీలవారీగా కిలోమీటర్లు తీయించండి. ముప్పై వేలు తిరిగిందన్న కారుకి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉండదు.

టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. గాట్లు లోతుగానే ఉన్నా ఆరేళ్లు దాటితే రబ్బరు గట్టిపడి వానలో జారుతుంది.

కాగితాలు

ఛాసిస్ నంబరును ఆర్సీతో అంకె అంకె సరిచూడండి. ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు లోను గుర్తు) ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఆ గుర్తు తీయించే ఫారం 35 లేకుండా డబ్బు పూర్తిగా ఇవ్వొద్దు. కారు పేరు మార్పిడికి వాడే ఫారం 29, ఫారం 30 మీద ఓనర్ సంతకాలు మీ ఎదుటే పెట్టించుకోండి. పెండింగ్ చలాన్లను రెండు తెలుగు రాష్ట్రాల ఈ-చలాన్ సైట్లలోనూ వెతకండి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి అక్కడి బండ్లు ఇటు చవగ్గా వస్తాయి. వేరే రాష్ట్రం కారుకి ఎన్ఓసీ తెచ్చి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టి, రీ-రిజిస్ట్రేషన్ చేయించాక ఆ చవక మిగలదు.

బదిలీ జరిగిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్‌ని మీ పేరు మీదికి మార్చమని కంపెనీకి రాయాలి. ఇది బద్ధకించేవాళ్లే ఎక్కువ. పాత ఓనర్ పేరుతోనే పాలసీ నడుస్తుంటే, పిల్లాడు బంపర్ పగలగొట్టిన రోజున మీ కారు రిపేరు క్లెయిమ్ రాదు. పాత ఓనర్ బోనస్ అతనితోనే పోతుంది కనుక ఆ తేడా మీరు కట్టాలి. 18 నిండకముందే "వీధి చివరిదాకానే కదా" అని తాళాలిస్తే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకో ఓనర్‌కో 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు, ఆపైన పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

చేతిలో ఐదు లక్షలుంటే నాలుగున్నర దగ్గరే కారు చూడండి. టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు, బ్రేకు ప్యాడ్లు, ఇన్సూరెన్స్, బదిలీ ఫీజు కలిపితే మిగతా యాభై వేలు ఇట్టే పోతాయి. తాళాలు తీసుకునే రోజున రెండో తాళం, జాకీ, స్పానర్ అడిగి తీసుకోండి. అద్దాలకు నల్ల ఫిల్మ్ ఉంటే పీకించండి, రాత్రిపూట పక్కనుంచి వచ్చే బైకు దానిలోంచి కనపడదు. పాత ఫాస్టాగ్‌ను ఓనర్ చేత క్లోజ్ చేయించి, కొత్తది మీ పేరున అతికించుకున్నాకే హైవే ఎక్కండి.