బైపోలార్ డిజార్డర్ ఉన్నవారికి దినచర్య సర్దుబాట్లు

మనసు కొన్నాళ్లు అతిగా ఉప్పొంగి, కొన్నాళ్లు బాగా కుంగిపోయే బైపోలార్ డిజార్డర్ ఉన్నవారు పనులకంటే ముందు నిద్రవేళను సర్దుకోవాలి. నిద్ర తగ్గడం మేనియా దశకు (ఉత్సాహం, ఖర్చు అదుపు తప్పే దశకు) సంకేతమే కాక, కొన్నిసార్లు దానిని రేకెత్తిస్తుంది కూడా. సెలవు రోజైనా, పెళ్లింట్లో ఉన్నా లేచే సమయాన్ని మార్చకపోవడం మేలు. శివరాత్రి జాగరణ వంటివాటి గురించి ముందే వైద్యునితో మాట్లాడాలి.

వారానికి సరిపడా మాత్రలను రోజుకొక అర ఉన్న డబ్బాలో సర్దుకుంటే, వేసుకున్నామా లేదా అన్న సందేహం ఉండదు. మనఃస్థితిని నిలకడగా ఉంచే లిథియం మందు వాడేవారు రక్తపరీక్ష తేదీని క్యాలెండరులో రాసుకోవాలి. రక్తాన్ని సాధారణంగా చివరి మోతాదు తర్వాత 12 గంటలకు తీస్తారు కనుక, ఉదయం మాత్ర ఉంటే దానిని పరీక్ష అయ్యాకే వేసుకోవాలి. ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా, విరేచనాలైనా, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు వాడినా రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరగవచ్చు; వాంతులు, చేతులు బాగా వణకడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నోటుపుస్తకంలో రోజూ నిద్రపోయిన గంటలు, మనఃస్థితికి ఒక అంకె, ఆనాటి ఖర్చు రాస్తే చాలు. రంగురంగుల పట్టికలు ఎక్కువ కాలం సాగవు.

మనసు కుదురుగా ఉన్నప్పుడే యూపీఐ పరిమితిని తగ్గించుకుని, పెద్ద కొనుగోలుకు ముందు రెండు రాత్రులు ఆగాలన్న నియమాన్ని ఇంట్లో నమ్మకమైనవారితో కలిసి పెట్టుకోవాలి. కుంగిన రోజుల జాబితాలో మాత్ర, భోజనం, స్నానం ఉంటే సరిపోతుంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. ఆ సేవ తెలుగులోనూ ఉచితంగా అందుతుంది.