మెట్రోలో వాటర్ బాటిల్‌తో న్యూటన్ పాఠం

బెంగళూరు మెట్రోలో పిల్లలతో వెళ్తుంటే గీతలు, వంపులు లేని నున్నటి వాటర్ బాటిల్ ఒకటి పట్టుకెళ్లండి. చిన్న గాలి బుడగ మిగిలేలా నీళ్లు నింపి, మూత రైలు వెళ్లే వైపు ఉండేలా అరచేతిలో పడుకోబెట్టండి. (సీట్లు పక్కవాటుగా ఉంటాయి, దిక్కు చూసుకోండి.)

రైలు కదలగానే బుడగ ఎటు పోతుందో ముందే అడగండి. వెనక్కే అంటారు, పెద్దవాళ్లు కూడా. అదేమో ముందుకు ఉరుకుతుంది! బరువైన నీళ్లు జడత్వం (ఉన్న స్థితిలోనే ఉండిపోయే గుణం) వల్ల వెనకబడి, తేలికైన గాలిని ముందుకు నెట్టేస్తాయి. బ్రేక్ వేస్తే దీనికి రివర్స్.

అసలు చూపించాల్సింది మాత్రం మధ్యలో ఉంది. నేరుగా ఉన్న పట్టాల మీద ఎంత స్పీడులో పోతున్నా, ఆ స్పీడు మారనంతసేపూ బుడగకు ఎటూ తొందర ఉండదు. 1687లో న్యూటన్ అచ్చువేసిన మొదటి నియమం అదే.