మీ ఊరి రోడ్డుకి, చప్టాకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది, దాన్ని ఎలా అడగాలి

ముందే చెబుతున్నా, నేను ఇంజినీర్ని కాదు, రాజకీయాల్లోనూ లేను. పొన్నూరు వైపు మా ఊళ్లో డొంక (పొలాల మధ్య బండ్ల దారి) మీద ఒక చప్టా, అంటే కాలవ దాటే చిన్న వంతెన ఉంది, గట్టి వాన పడితే మునుగుతుంది, వడ్ల ట్రాక్టరు అక్కడే ఆగిపోతుంది, బడి పిల్లలు చుట్టు తిరిగి పోవాలి. దానికోసం నాలుగేళ్లు గుంటూరు ఆఫీసుల చుట్టూ తిరిగాక తెలిసిన సంగతులు ఇవి. అందులో మొదటి రెండేళ్లు ఉత్తినే పోయాయి. ఎందుకంటే అర్జీలో "వంతెన కట్టించండి సారూ" అని రాశామే తప్ప ఆ దారి ఎవరిదో కనుక్కోలేదు. ఒక ఆఫీసు మా కాగితాన్ని ఇంకో ఆఫీసుకు పంపింది, వాళ్లు "మా పరిధిలోది కాదు" అని ఒక ముక్క రాసి వెనక్కి పంపారు, అది మళ్లీ మొదటి ఆఫీసులోనే ఏదో ఫైల్లో పడుకుంది. చివరికి తేలిందేమిటంటే, డొంక పంచాయతీది, కింద పారే మురుగుకాలవ ఇరిగేషన్ వాళ్ల డ్రైనేజీ విభాగానిది. ఇద్దరి సంతకాలూ పడితే గానీ చప్టా లేవదు.

కాబట్టి పథకాల పేర్లు తర్వాత. ముందు దారి ఎవరిదో తేల్చుకోండి. సులువైన గుర్తు కిలోమీటరు రాయి: పైభాగం పసుపు రంగైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నారింజ రంగైతే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్డు. రాయే లేకపోతే గ్రామ సచివాలయంలో సర్వేయర్ని అడిగి గ్రామ పటంలో ఆ దారి ఏ సర్వే నంబరో, అది డొంక పోరంబోకో, కాలవ కట్టో, ఎవరి పట్టా భూమిలోంచో పోతుందో చూడండి. పట్టా భూమి అయితే ఏ పథకమైనా ముందు అక్కడే ఆగుతుంది, ఎందుకంటే గ్రామ సడక్ లాంటి పథకాలు భూమికి డబ్బివ్వవు, స్థలం మనమే చూపించాలి. మా దగ్గర ఒకాయన రెండు సెంట్లు వదలనన్నాడు, ఆయన్ని ఒప్పించడానికి ఆయన వియ్యంకుడి దాకా వెళ్లాల్సి వచ్చింది. అది వేరే కథ.

ఇక డబ్బు సంగతి. ఊళ్లో నలుగురూ "సెంట్రల్ ఫండ్స్ వచ్చాయట" అంటుంటారు గానీ ఏ ఫండ్ దేనికి పనికొస్తుందో తెలియక అందరం ఎమ్మెల్యే ఇంటి ముందే నిలబడతాం.

ఊరి లోపలి వీధి అయితే పెద్ద పథకాలు అక్కర్లేదు. ఇన్నాళ్లూ మన పల్లెల్లో సీసీ రోడ్లు చాలావరకు ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో పడినవే. 2005 చట్టంలో కూలికి 60, సామగ్రికి 40 అనే లెక్క ఉంది. మట్టి పనులు ఎంత జరిగితే సిమెంటుకి అంత డబ్బు పుడుతుంది. అందుకే చెరువు పూడికకి జనం పోని మండలాల్లో సీసీ రోడ్లకి కరువు అంటారు. 2024 అక్టోబరులో పల్లె పండుగ పేరుతో మన ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి మొదలుపెట్టిన పనుల్లో ఎక్కువ ఈ డబ్బే. అంతకుముందు ఆగస్టు 23న అన్ని పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి ఆ పనులకు తీర్మానాలు చేశారు, ఆ రోజు సభకి పోనివాళ్లు తర్వాత మా వీధి ఎందుకు లేదని అడిగితే ఎవరేం చేస్తారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది కాబట్టి ఇప్పుడు ఏ నిబంధన నడుస్తోందో ఎంపీడీవో ఆఫీసులో ఉపాధి పనులు చూసే అధికారిని (ఏపీవో) అడిగి మరీ రాయండి.

రెండోది ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన దాంట్లో 60 శాతం నీళ్లకీ పారిశుద్ధ్యానికీ కట్టేశారు, 40 శాతమే ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకి మాత్రం వాడకూడదు. రోడ్డు ఈ 40లోంచి రావాలి. సైడు కాలవని మాత్రం పారిశుద్ధ్యం కింద 60లోంచి అడగవచ్చు, రెండూ కలిపి ఒకే అర్జీలో రాసి కొట్టేయించుకోవద్దు. 2026 ఏప్రిల్ నుంచి 16వ సంఘం లెక్క కాబట్టి వాటాలు మళ్లీ అడిగి చూసుకోండి. పని పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కాలి, ఆ ప్రణాళిక ఈ-గ్రామ్‌స్వరాజ్ సైటులో ఎవరైనా చూడొచ్చు. ఒకసారి మీ పంచాయతీ పేరు కొట్టి చూడండి, ఎప్పుడో అయిపోయిందనుకున్న పనులు కూడా అక్కడ కనబడతాయి.

ఊరి బయట, అంటే ఆవాసాన్ని (ఒకచోట ఉన్న ఇళ్ల గుంపుని) మెయిన్ రోడ్డుకి కలిపే దారి అయితే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. 2000 డిసెంబరు 25న మొదలైంది, ఇప్పుడు నాలుగో విడత. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన ఈ విడతలో దేశం మొత్తానికి 62,500 కిలోమీటర్లు, 25,000 ఆవాసాలు, ఖర్చు 70,125 కోట్లు. మైదాన ప్రాంతాల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం 500 మంది ఉండాలి. మన డెల్టాలో దాదాపు ప్రతి ఊరికీ ఏదో ఒక రోడ్డు ఉంది కాబట్టి ఇది మనకి కాదులే అని వదిలేస్తారు. అక్కడే పొరపాటు. ఈ పథకం ఊరిని కాదు, ఆవాసాన్ని లెక్కేస్తుంది. ఊరికి దూరంగా పొలాల మధ్య వెలిసిన కాలనీ వేరే ఆవాసం, పక్కపక్కనే ఉన్న రెండు చిన్న ఆవాసాల జనాభాని కలిపి చూపించే వీలు కూడా పథకంలో మొదటినుంచీ ఉంది. ఈ కొలతలన్నీ పంచాయతీరాజ్ డిప్యూటీ ఇంజినీరు (డీఈఈ) ఆఫీసులో ఉంటాయి, ఆయన్ని "మా కాలనీ ఆవాసాల జాబితాలో ఉందా లేదా" అని ఒకే ఒక్క ప్రశ్న అడగండి. లేదంటే ఎందుకు లేదో రాసిమ్మనండి.

ఇంకో మాట. ఈ పథకం కింద వేసిన రోడ్డుకి అయిదేళ్లపాటు కాంట్రాక్టరే మరమ్మతులు చేయాలి. రోడ్డు మొదట్లో పాతిన బోర్డు మీద పని ఎప్పుడు పూర్తయిందో రాసి ఉంటుంది. ఆ తేదీకి అయిదేళ్లు నిండకపోతే గుంతల కోసం కొత్త నిధులు అడగడం తెలివితక్కువ పని, ఫోటో తీసి మేరీ సడక్ యాప్‌లో పెట్టండి, ఆ ఫిర్యాదుకి ఆఫీసు సమాధానం రాయక తప్పదు.

వంతెన దగ్గరికొస్తే కొలతే ముఖ్యం. ఆరు మీటర్ల లోపైతే కల్వర్టు, అది రోడ్డు ఎస్టిమేటులోనే కలిసిపోతుంది, వేరే నిధి అక్కర్లేదు. ఆరు దాటి అరవై దాకా చిన్న వంతెన, ఆ పైన పెద్దది. చిన్న వంతెనలకి మన దగ్గర ఎక్కువగా వినబడే పేరు నాబార్డు, అంటే వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు. దాని దగ్గరుండే గ్రామీణ మౌలిక వసతుల నిధిని ఆర్ఐడీఎఫ్ అంటారు, 1995-96లో పెట్టారు. వ్యవసాయానికి ఇవ్వాల్సినంత అప్పు ఇవ్వని బ్యాంకులు ఆ లోటు డబ్బుని నాబార్డు దగ్గర జమ చేస్తాయి, నాబార్డు దాన్ని రాష్ట్రాలకి అప్పిస్తుంది. పల్లె రోడ్లకీ వంతెనలకీ ఖర్చులో 80 శాతం వరకు అప్పు, మిగతాది రాష్ట్రం పెట్టుకోవాలి, తీర్చడానికి ఏడేళ్లు. దీనికి మీరూ నేనూ అప్లై చేయలేం. శాఖ ప్రతిపాదనల జాబితాలో మన పని ఎక్కాలి, ఎమ్మెల్యే ఉత్తరం పనికొచ్చేది ఇక్కడే. వట్టి ఉత్తరం కాదు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వేసిన ఎస్టిమేటు వెనక జతపరచి ఇవ్వండి. ఎస్టిమేటు లేని ఉత్తరాలు ఎన్ని కట్టలు ఉంటాయో ఒకసారి ఆ బీరువా చూస్తే తెలుస్తుంది.

పెద్ద వంతెనలూ, ఆర్ అండ్ బీ (రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ) రోడ్లూ అయితే కేంద్ర రోడ్డు నిధి, సీఆర్ఐఎఫ్. మనం బంకులో కొట్టించే పెట్రోలు, డీజిలు మీద వసూలయ్యే సెస్సే ఇది. గుంటూరు వాళ్లకి వేరే ఉదాహరణ ఎందుకు, శంకర్ విలాస్ దగ్గర పాత బ్రిడ్జి తీసేసి కొత్తది కట్టడానికి వచ్చిన 98 కోట్లు ఈ నిధివే. ఊరి అర్జీతో వచ్చే డబ్బు కాదు ఇది, ఎంపీ స్థాయిలో కదలాలి. రైలు గేటు అయితే ఇంకో లెక్క ఉంది: రోజూ గేటు దాటే రైళ్ల సంఖ్యని వాహనాల సంఖ్యతో హెచ్చవేస్తే లక్ష దాటాలి, అప్పుడు పై వంతెనకి రైల్వే సగం, రాష్ట్రం సగం అన్నది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మీ గేటు దగ్గర ఒక రోజంతా కూర్చుని ఇద్దరు కుర్రాళ్ల చేత బండ్లు లెక్కపెట్టిస్తే సంతకాల సేకరణ కంటే బలమైన కాగితం చేతికొస్తుంది.

ఎంపీ నిధులు చాలామంది మర్చిపోతారు. ఏడాదికి 5 కోట్లు, అందులో 15 శాతం ఎస్సీలు ఉండే ప్రాంతాల్లో, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాల్లో ఖర్చు పెట్టాలి. ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. లోక్‌సభ ఎంపీ దగ్గర క్యూ ఎక్కువ. రాజ్యసభ సభ్యులు రాష్ట్రంలో ఎక్కడైనా ఇవ్వొచ్చు, వాళ్ల గుమ్మం దగ్గర జనం తక్కువ. మాకు ఈ ఉపాయం చెప్పింది ఒక రిటైరైన ఎంపీడీవో. క్వారీ లారీల వల్ల పాడైన రోడ్డైతే, పేరేచర్ల వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, జిల్లా ఖనిజ నిధి కూడా ఉంది, దాంట్లో రోడ్లూ వంతెనలూ రెండో ప్రాధాన్యమే గానీ అడగడానికి హక్కుంది.

వరదలో కొట్టుకుపోతే మాత్రం పద్ధతే వేరు, తొందర కూడా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు బెజవాడని ముంచింది, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, అప్పుడు కృష్ణ ఒడ్డు ఊళ్లలో ఎన్ని రోడ్లు తెగాయో అందరం చూశాం. అలాంటప్పుడు విపత్తు నిధిలోంచి మరమ్మతులకి డబ్బొస్తుంది, ముప్పాతిక కేంద్రం వాటా. కానీ నష్టాల లెక్క రాసుకునేటప్పుడు మీ రోడ్డు జాబితాలో ఉండాలి. నీళ్లు తీయకముందే ఫోటోలు తీయండి. గుడి గోడ మీదో కరెంటు స్తంభం మీదో నీటి గుర్తు ఆరిపోయేలోపు టేపు పెట్టి కొలిచి, టేపు కనబడేలా ఫోటో తీసి తేదీ రాయండి. ఇంజినీర్లు వరద మట్టం అని అడిగేది ఆ గుర్తే, వంతెన ఎత్తు దాన్ని బట్టే తేలుతుంది. మా పాత చప్టా మునగడానికి కారణం, కట్టినప్పుడు ఊళ్లో ముసలాళ్లని ఎవరూ అడక్కపోవడం.

ఇక కాగితం. ఒకే పేజీ చాలు: దారి పొడవు, వెడల్పు, సర్వే నంబరు, ఎంత జనాభాకి దారి, బడి, ఆసుపత్రి ఎంత దూరం, చప్టా మునిగితే చుట్టు తిరగాల్సిన దూరం, గ్రామసభ తీర్మానం నంబరు. "బహుదూర ప్రయాణ కష్టములు" లాంటి వాక్యాలు వద్దు, ఎవరూ చదవరు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నంబరు తీసుకోండి, 1100కి ఫోన్ చేసి ఆ నంబరుతో ఎక్కడుందో అడగొచ్చు. సమస్య పరిష్కారమైందని మెసేజ్ వచ్చేసినా రోడ్డు అలాగే ఉంటే టెన్షన్ పడకండి, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10, జవాబుకి 30 రోజులు. "మా పని ఎందుకు చేయలేదు" అని అడిగితే ఏదో ఒకటి రాస్తారు. "ఫలానా తేదీ అర్జీ మీద ఫైల్లో రాసిన నోట్ల నకళ్లు ఇవ్వండి" అని అడగండి, ఏ టేబుల్ దగ్గర ఆగిందో దాంట్లో పేరుతో సహా కనబడుతుంది.

ఎస్టిమేటు మంజూరయ్యాక అందరూ స్వీట్లు పంచుకుంటారు. మేమూ పంచుకున్నాం. ఆ హడావుడిలో చూడాల్సిన ఒక్క లైను చూడలేదు: వంతెనకి రెండు వైపులా ఎక్కే దారి, అంటే ఎప్రోచ్, ఎస్టిమేటులో ఉందా అని. మా దాంట్లో లేదు. చప్టా ఇప్పుడు రెండు ఖానాలతో ఎత్తుగా లేచింది, నీళ్లు కిందనుంచే పోతున్నాయి, కానీ ఇటు రెండడుగులు, అటు మూడడుగులు పల్లం. ఊరివాళ్లమే చందాలేసుకుని నాలుగు ట్రక్కుల గ్రావెల్ పోసి ట్రాక్టర్లు ఎక్కిస్తున్నాం. ఎప్రోచ్ కోసం రెండో ఎస్టిమేటు ఏఈ దగ్గరుంది, పోయిన సోమవారం దానికి కూడా నంబరు తీసుకున్నాం.