నెల రోజుల శాకాహారం: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

నెల రోజులు శాకాహారం అనుకుని మొదలుపెట్టి మధ్యలో ఆపేసినవాళ్లను అడిగితే ఎక్కువగా వినిపించే మాట "ఒంటికి పడలేదు" అని. కాస్త తరచి చూస్తే, వాళ్లు మాంసం, చేపలు తీసేశారు, ఆ చోటులో ఏమీ పెట్టలేదు. వీగన్‌గా ఉండాలనుకుని పాలు, పెరుగు, గుడ్లు కూడా తీసేసినవాళ్లకు ఆ ఖాళీ ఇంకా పెద్దది. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అదే. విటమిన్ లోపాలు ఒక్క నెలలో కొత్తగా పుట్టుకురావు. ఆకలి, గ్యాస్, తలనొప్పి మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అందుకే ఇక్కడ ముందు కనిపించేవాటినే ముందు చెబుతున్నాను.

ఎంత తిన్నా ఆకలి, సాయంత్రానికి నీరసం

కడుపు నిండుతుంది, రెండు గంటలకే మళ్లీ ఖాళీ. దీనికి కారణం సూటిగా లెక్కలో దొరుకుతుంది. వండిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాముల్లో సుమారు 165 కేలరీలు, 31 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. అదే బరువు క్యాబేజీలో 25 కేలరీలే. ఉడికించిన పప్పులో 9 గ్రాముల ప్రోటీన్ దాకా ఉంటుంది. మాంసం ముక్కల చోట కూరగాయ ముక్కలు వేసుకుంటే పళ్లెం నిండుగానే కనిపిస్తుంది గానీ తిండి సగానికి పడిపోతుంది.

పెద్దవాళ్లకు రోజుకు శరీర బరువులో కిలోకు సుమారు 0.8 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ఇది అందుకోవడం కష్టమేమీ కాదు. కాకపోతే కూరగాయలతో అందదు, పప్పులు, శనగలు, సోయా, టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది), వేరుశనగలతో అందుతుంది. ఎండు సోయా చంక్స్‌లో బరువులో సగం ప్రోటీనే. ప్రతి పూటా పళ్లెంలో వీటిలో ఒకటి ఉందా లేదా అని చూసుకుంటే చాలు. ప్రోటీన్‌లో భాగాలైన అమైనో ఆమ్లాల్లో లైసిన్ ధాన్యాల్లో తక్కువ, మెథియోనిన్ పప్పుల్లో తక్కువ కాబట్టి రెండూ ఒకే పూట కలిపి తినాలన్న పాత నియమం గురించి టెన్షన్ అక్కర్లేదు. రోజు మొత్తంలో రెండూ తింటే సరిపోతుంది.

నూనెకు, గింజలకు భయపడి వాటిని కూడా మానేసినవాళ్లకు ఈ నీరసం రెట్టింపు. ఈ నెలకు ఒక గుప్పెడు గింజలు మీ స్నేహితులు అనుకోండి.

కడుపు ఉబ్బరం, గ్యాస్

ఎక్కువమందిని ఆపేసేలా చేసేది ఇదేనని నా అంచనా. పప్పుల్లో, చిక్కుడు జాతి గింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అవి అలాగే పెద్దపేగుకు చేరతాయి, అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది, గ్యాస్ పుడుతుంది. అంటే ఇది జబ్బు కాదు, అరుగుదల పాడైపోయిందనీ కాదు. నిన్నటిదాకా పెద్దగా పని లేని బ్యాక్టీరియాకు ఒక్కసారిగా బండెడు పని ఇచ్చారు, అంతే.

కాబట్టి పరిమాణం తగ్గించి, మెల్లగా పెంచండి. మొదటి వారం పొట్టు తీసిన పెసరపప్పు, మసూర్ పప్పు లాంటివి, అవీ చిన్న గిన్నెడు. గింజలు మొత్తంగా ఉండే శనగలు, రాజ్మా తర్వాత. వాటిని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించాలి. డబ్బాలో వచ్చేవైతే కడిగి వాడాలి. చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే, ఆ చక్కెరల్ని విడగొట్టే ఎంజైమ్ ఉన్న, భోజనం మొదట్లో వేసుకునే ఆల్ఫా గెలాక్టోసిడేజ్ మాత్రలు మందుల షాపులో దొరుకుతాయి.

పప్పులు తగ్గించినా తగ్గకపోతే అనుమానం వేరేవాటి మీదకు మళ్లించండి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఉండే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు కూడా ఇదే పని చేస్తాయి. ప్రోటీన్ బార్లలో కలిపే ఇన్యులిన్ అనే పీచు, షుగర్ ఫ్రీ మిఠాయిల్లో తీపి కోసం వేసే సార్బిటాల్ కూడా అంతే. ఆరోగ్యానికని కొన్న బారే అసలు దోషి అవుతుంది ఒక్కోసారి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. రాజ్మా తిన్న రెండు మూడు గంటల్లోనే వాంతులు, విరేచనాలు మొదలైతే అది గ్యాస్ సమస్య కాదు. సరిగా ఉడకని రాజ్మాలో ఫైటోహీమాగ్లూటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. నానబెట్టిన గింజల్ని కనీసం 10 నిమిషాలు బాగా తెర్లే నీళ్లలో ఉడికిస్తే అది నశిస్తుంది. తక్కువ వేడి మీద గంటల తరబడి వండే స్లో కుక్కర్‌లో ఆ వేడి రాకపోవచ్చు, కాబట్టి ముందు విడిగా మరిగించి తర్వాతే అందులో వేయాలి. మలంలో రక్తం, జ్వరం, తగ్గని నొప్పి ఉంటే ఆహారాన్ని సర్దుబాటు చేస్తూ కూర్చోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మలబద్ధకం

పీచు పెంచి నీళ్లు పెంచకపోతే వస్తుంది. నీళ్లు పెంచండి. ఇంకో రకం కూడా ఉంది: మాంసం మానేసి బ్రెడ్, చీజ్, మైదా వంటకాల మీద బతకడం. అది పేరుకు శాకాహారమే గానీ అందులో పీచే లేదు. పండు, ఆకుకూర, ముడి ధాన్యం చేరితే దారికొస్తుంది.

రెండో రోజు నుంచే తలనొప్పి

పాలు మానేశాం కదా అని టీ, కాఫీ కూడా మానేశారా? అయితే అది కెఫీన్ దొరకనందుకు వచ్చే తలనొప్పి. మానేసిన 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, కొన్ని రోజుల నుంచి వారం పైగా ఉండొచ్చు. డికాషన్ లేదా బ్లాక్ టీ తాగండి, లేదంటే మెల్లగా తగ్గించుకుంటూ రండి. ఒకే వారంలో రెండు అలవాట్లు మార్చుకోవద్దనే నా సలహా.

సోయా పాలు, బాదం పాలు కాఫీలో విరిగిపోతున్నాయి

కాఫీలోని పులుపు, వేడి రెండూ కలిసి చేసే పని ఇది. పాలను కొద్దిగా వేడి చేసి కప్పులో పోసి, దాని మీద కాఫీని నెమ్మదిగా పోయండి. కాఫీని ఒక నిమిషం చల్లారనిచ్చినా తేడా తెలుస్తుంది.

ఈ పాలన్నీ ఒకటే అనుకోకండి. ఒక కప్పు సోయా పాలలో సుమారు 7 గ్రాముల ప్రోటీన్ ఉంటే, బాదం పాలలో ఉండేది ఒక గ్రాము దగ్గర. కాల్షియం కలిపిన రకాల్లో అది అడుక్కి చేరుతుంది, అందుకే డబ్బాను ప్రతిసారీ బాగా ఊపాలి. పాలకూరలో కాల్షియం ఉన్నా, దాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్ అనే పదార్థం వల్ల అందులో 5 శాతం దాకానే ఒంటికి పడుతుంది. పాలు మానేసి పాలకూరతో సరిపెట్టుకోవడం కుదరదు.

మాంసం మీదకు మనసు లాగుతోంది

దీన్ని మనోబలం లేకపోవడంగా తీసుకోవద్దు. చాలాసార్లు నాలుక వెతుకుతున్నది మాంసాన్ని కాదు, ఉమామి అనే కమ్మటి రుచిని. గ్లుటమేట్ అనే పదార్థం వల్ల వచ్చే ఈ రుచిని 1908లో జపాన్‌కు చెందిన కికునే ఇకెడా సముద్రపు నాచులో గుర్తించాడు. టమాటా పేస్ట్, సోయా సాస్, ఎండు పుట్టగొడుగుల్లో అది పుష్కలం. కూరగాయల్ని ఉడకబెట్టి వదిలేయకుండా ఎర్రగా వేయిస్తే రుచి ఇంకో మెట్టు ఎక్కుతుంది. నమలడానికి ఏదో కావాలనిపిస్తే, టోఫును గడ్డకట్టించి, కరిగాక నీళ్లు పిండి వండండి. స్పాంజిలా మారి మసాలాను పీల్చుకుంటుంది.

బరువు పెరుగుతోంది

చిప్స్, కూల్ డ్రింకులు, చక్కెర కూడా వీగనే. కొబ్బరి నూనెతో చేసే వీగన్ చీజ్‌లో సంతృప్త కొవ్వు బాగా ఎక్కువ, ప్రోటీన్ దాదాపు లేదు. ప్యాకెట్ ముందు వైపు మాట వదిలేసి వెనక వైపు చదవండి.

అలా చదివేటప్పుడు కేసిన్, వే అని ఉంటే అవి పాల నుంచి వచ్చినవి. "నాన్ డైరీ" అని రాసిన కాఫీ పొడుల్లో కూడా సోడియం కేసినేట్ ఉండొచ్చు. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి, ఎరుపు రంగు కార్మైన్ పురుగుల నుంచి వస్తాయి. "పాల ఆనవాళ్లు ఉండవచ్చు" అన్నది మాత్రం అలర్జీ ఉన్నవాళ్ల కోసం ఇచ్చే హెచ్చరిక.

చేతుల్లో తిమ్మిర్లు, మరీ అలసట: బి12 లోపమా?

లోపమే కావచ్చు గానీ ఈ నెల తెచ్చింది కాదు. బి12 నిల్వలు కాలేయంలో ఏళ్లకు సరిపడా ఉంటాయి. రెండో వారంలోనే లక్షణాలు కనిపిస్తే అవి ముందే అడుగంటాయన్న మాట. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర, అసిడిటీ మాత్రలు ఏళ్లుగా వాడేవాళ్లలో ఇది ఎక్కువ. రక్తపరీక్ష చేయించుకోండి. పరీక్షకు ముందే ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకోవడం మంచిది కాదు: రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల నరాల నష్టం సాగుతూనే ఉంటుంది. స్పిరులినాలో ఉన్నది చాలావరకు శరీరానికి పనికిరాని రకం బి12. నెల తర్వాత కూడా వీగన్‌గా కొనసాగాలనుకుంటే బి12 సప్లిమెంట్ తప్పదు. ఇందులో బేరం లేదు.

ఐరన్ విషయం కొంచెం వేరు. మొక్కల నుంచి వచ్చే ఐరన్ తక్కువగా ఒంటికి పడుతుంది. పప్పు, ఆకుకూరలతో పాటు నిమ్మరసం లాంటి విటమిన్ సి ఉన్నది తింటే ఎక్కువ పడుతుంది. భోజనంతో పాటే టీ, కాఫీ తాగితే తగ్గిపోతుంది. ఒక గంట ఆగండి.

మందులు వాడేవాళ్లు

ఇన్సులిన్ లేదా షుగర్ తగ్గించే మాత్రలు వాడేవాళ్లు తిండి మారిస్తే డోసు కూడా మారాల్సి రావచ్చు. లేకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచితే అందులోని విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పప్పులు, ఆకుకూరల్లోని పొటాషియంతో సమస్య రావచ్చు. వీళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టాలి.

నెల అయ్యాక పాలు తాగితే కడుపులో గడబిడ

మాంసం అరిగించే శక్తి పోతుందన్న భయం అక్కర్లేదు. పప్పులోని ప్రోటీన్‌ను విడగొట్టే ఎంజైమ్‌లే మాంసాన్నీ విడగొడతాయి, వాటికి ఈ నెలంతా పని ఉంది. పాల సంగతి వేరు. లాక్టోజ్ (పాలలోని చక్కెర) సరిగా అరగనివాళ్లలో కూడా రోజూ పాలు తాగుతుంటే పేగుల్లోని బ్యాక్టీరియా దానికి అలవాటు పడి ఉంటుంది. నెల విరామంతో ఆ అలవాటు తగ్గుతుంది, గ్లాసుడు పాలు తాగగానే ఉబ్బరం తెలుస్తుంది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పెరుగు, గట్టి చీజ్ లాంటివాటితో మొదలుపెట్టండి, వాటిలో లాక్టోజ్ తక్కువ. పాలు మానేసిన ఆ నెలలో ఏళ్లనాటి ఉబ్బరం తగ్గిపోయి, పాలతో పాటే తిరిగి వచ్చిందంటే, లాక్టోజ్ అరుగుతోందో లేదో ఊపిరిలో చూసే హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ చేయించుకోండి.