జర్మనీలో ఆఫీసు భోజనం: కొత్తగా వచ్చినవారికి

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో, పదకొండున్నర కాగానే పక్క సీటువాళ్లు లేచి "భోజనానికి వస్తారా?" అని అడిగితే, ఆకలి లేకపోయినా వెళ్లండి. మనకు అప్పటికి పొద్దున తిన్న టిఫినే అరగదు, నిజమే. కానీ ఇక్కడ చాలా క్యాంటీన్లు రెండు గంటలకల్లా మూతపడతాయి. ఆలస్యంగా వెళితే మిగిలేవి ఉడికించిన బంగాళాదుంపలూ ఖాళీ బల్లలూ. వరసగా రెండు మూడుసార్లు రానంటే ఆ తరువాత ఎవరూ పిలవరు. అది కోపం కాదు. మీకు ఇష్టం లేదేమోనని ఊరుకుంటారు, అంతే. బతిమాలి తీసుకెళ్లే అలవాటు వీళ్లకు లేదు.

పని వదలకుండా కంప్యూటర్ ముందే నాలుగు ముద్దలు తినేసే మనిషిని ఇక్కడ ఎవరూ మెచ్చుకోరు. ఆరు గంటలకు మించి పనిచేస్తే కనీసం 30 నిమిషాలు, తొమ్మిది గంటలు దాటితే 45 నిమిషాలు విరామం ఉండాలని చట్టమే చెబుతోంది. మామూలుగా ఆ సమయానికి జీతం ఉండదు కాబట్టి, అప్పుడు పనిచేస్తే నష్టం మీకే.

భోజనం ఇక్కడ ఎంత పెద్ద విషయమో ఒక ఉదాహరణ చెబుతాను. ఫోక్స్‌వాగన్ కంపెనీ వోల్ఫ్స్‌బుర్గ్‌లో 1973 నుంచి సొంతంగా సాసేజీలు తయారుచేస్తోంది. కారు విడిభాగాలకు ఉన్నట్టే వాటికీ ఒక పార్ట్ నంబరు ఉంది. 2021లో అక్కడి ఒక్క క్యాంటీన్‌లో మాంసం ఆపేస్తామంటే మాజీ ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. 2023లో ఆ సాసేజీ తిరిగి వచ్చింది!

ఇక పళ్లెంలో ఏముందో చూసుకోవాలి. బోర్డు మీద 'రింట్' అని ఉంటే గొడ్డుమాంసం, 'ష్వైన్' అంటే పంది, 'హేన్‌షెన్' అంటే కోడి, 'పూటె' అంటే టర్కీ కోడి. శాకాహారులకు అసలు చిక్కు పప్పు సూపుతోనూ, వేయించిన బంగాళాదుంపలతోనూ వస్తుంది. చూడటానికి మన వంటల్లాగే ఉంటాయి కానీ, వాటిలో తరచుగా 'ష్పెక్' అనే పందిమాంసం ముక్కలు కలుస్తాయి. "మాంసం లేకుండా" అని ఊరుకోకుండా ష్పెక్ ఉందా అని పేరు పెట్టి అడగండి. 'వెజిటారిష్' అన్నదాంట్లో గుడ్డు ఉండవచ్చు. గుడ్డు తిననివారికి 'వేగన్' అని రాసినవే నయం.

ఇంటినుంచి డబ్బా తెచ్చుకుంటే తప్పేమీ లేదు. పులిహోర, పెరుగన్నం నిశ్చింతగా తినవచ్చు. ఎండుచేపల కూర మాత్రం శనివారానికి దాచుకోండి. అందరూ వాడే మైక్రోవేవ్‌లో దాన్ని వేడిచేస్తే సాయంత్రం వరకు కిటికీలు తెరిచే ఉంచాలి. డబ్బాతో వెళ్లి క్యాంటీన్ బల్ల దగ్గర కూర్చోవచ్చా అని ఒకసారి కనుక్కోండి. చాలాచోట్ల అభ్యంతరం ఉండదు. మీ డబ్బా తెరిచి "కొంచెం రుచి చూడండి" అని పక్కవాళ్ల పళ్లెంలో వడ్డించకండి. అదే పలహారాన్ని వంటగదిలో ఒక పళ్లెంలో పెట్టి, తీసుకోమని అందరికీ చెప్పండి. చేగోడీలు గంటసేపు కూడా నిలవవు.

మధ్యాహ్నంవేళ నడవాలో ఎదురైనవారు 'మాల్‌ట్సైట్' (భోజనవేళ పలకరింపు) అంటే మీరూ అదే మాటతో బదులివ్వండి. బల్ల దగ్గర అందరూ కూర్చున్నాకే తినడం మొదలుపెడతారు, అందరూ ముగించాకే లేస్తారు. మధ్యలో మాటలు ఆగిపోయినా కంగారు పడకండి. ఇక్కడ మౌనం అలక కాదు. సోమవారమైతే వారాంతం ఎలా గడిచిందని అడగండి. మిగతా రోజుల్లో సెలవులకు ఎక్కడికి వెళ్తారన్న ఒక్క ప్రశ్న చాలు, భోజనమంతా గడిచిపోతుంది. జీతమెంత, పెళ్లెప్పుడు, పిల్లలెందుకు లేరు అన్నవి మన దగ్గర చనువు, ఇక్కడ చొరబాటు. పెద్దవారో పైఅధికారో తామే 'డూ' (నువ్వు) అనుకుందామనేవరకు 'జీ' (మీరు) అనే సంబోధించండి. చాలా కంపెనీల్లో అది మొదటిరోజే తేలిపోతుంది.

మీరు రాగానే మర్యాదకొద్దీ అందరూ ఇంగ్లీషులోకి మారతారు. జర్మన్‌లోనే మాట్లాడమని మీరే అడగండి. సగం అర్థం కాకపోయినా ఫరవాలేదు. తరగతిలో దొరకని భాష, సమావేశాల్లో ఎవరూ చెప్పని సంగతులు ఆ అరగంటలోనే దొరుకుతాయి. ఆఫీసులో మరో నలుగురు తెలుగువాళ్లుంటే వాళ్లతో కూర్చోవాలని ప్రాణం లాగుతుంది. వారానికి రెండు రోజులు కూర్చోండి. అయిదు రోజులూ వద్దు. ఆ బల్ల వైపు మిగతావాళ్లు రావడానికి జంకుతారు.

బయట హోటల్లో తింటే ఎవరి బిల్లు వాళ్లదే. విడివిడిగానా కలిపా అని వెయిటరే అడుగుతాడు. బిల్లు కోసం పెనుగులాడకండి. టిప్పు అయిదు నుంచి పది శాతం. బల్లమీద వదిలి వెళ్లకుండా, ఎంత తీసుకోవాలో కలిపి చెప్పి ఇస్తారు. మంచినీళ్లకూ డబ్బు పడుతుంది, అదీ బుడగల నీళ్లు కావచ్చు. మామూలు నీళ్లు కావాలంటే 'ష్టిల్' అనండి.

పుట్టినరోజున కేకు తేవలసింది పుట్టినరోజు చేసుకునేవారే. మీ రోజు వస్తే ఎవరో తెస్తారని ఎదురుచూడకుండా మీరే తీసుకెళ్లండి. ఇతరులకు మాత్రం ఒకరోజు ముందుగా శుభాకాంక్షలు చెప్పకండి, అపశకునమంటారు. ఆ రోజు ఆదివారం పడితే సోమవారం దాకా ఆగండి.